మూడు ముళ్ళు పడ్డ డబ్బా

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ఒళ్ళో పెట్టుకుని పనిచేసుకునే వస్తువు అని ఆ పేరుకు అర్థమట గానీ, నన్ను ఒళ్ళో పెట్టుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడైతే మూత బందు విరిగింది, మీటలు కొన్ని ఊడాయి, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు తీగ పీకితే అక్కడికక్కడే ప్రాణం పోతుంది. అలాంటి నేను ఆకాశంలోంచి దూకే మనుషుల బాగోగులు చూశానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నేనేమీ అనుకోను.

పుట్టింది ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో. బుద్ధి తెలిసింది మాత్రం నల్లగొండలో, ఒక పెళ్ళి సంబంధాల ఆఫీసులో. పొట్టివాళ్ళు నాలోకి ఎక్కేసరికి పొడుగయ్యేవారు, వయసు మళ్ళినవాళ్ళు కుర్రవాళ్ళయ్యేవారు, జీతాల సంగతి చెప్పనే అక్కర్లేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఆ వెయ్యీ కడుపులో దాచుకున్నది నేను. ఒకరోజు ఓనరు మోచెయ్యి తగిలి బల్ల మీంచి కిందపడ్డాను, మూత విరిగింది. రిపేరు షాపులో వదిలేసి ఆయన మళ్ళీ ఆ వైపు రాలేదు. అక్కడ నన్ను చవగ్గా కొనుక్కుంది అఫ్రోజ్.

అఫ్రోజ్ ఉద్యోగం ఊరికి దూరంగా, పాత రన్‌వే పక్కన ఒక రేకుల షెడ్డులో. అది స్కైడైవింగ్ క్లబ్బు. అంటే, జనం డబ్బిచ్చి విమానమెక్కి, అది చక్కగా ఎగురుతూ ఉండగానే మధ్యలో దిగిపోయే చోటు. బల్ల మీంచి ఒక్కసారి పడ్డందుకే నా గతి ఇలా అయింది. వీళ్ళు మేఘాల్లోంచి పడి, లేచి, మట్టి దులుపుకుని మళ్ళీ లైన్లో నిలబడేవారు. మనుషుల్ని చూసి నేను ఆశ్చర్యపోవడం మానుకున్నది అక్కడే.

ఆ క్లబ్బు పెట్టింది సుబేదార్ నర్సింగం. సైన్యంలో పారాచూట్ పటాలంలో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరు ఏ విమానంలో ఎక్కాలి, ఎవరి బరువెంత, ఎవరి పారాచూట్ ఎప్పుడు మడిచారు, అన్నీ గోడమీది తెల్లబోర్డు మీదే ఉండేవి. ఎవరైనా ఆదమరచి వీపు ఆనించారా, ఒక విమానం ఎక్కాల్సిన పేర్లన్నీ వాళ్ళ చొక్కాకు అంటుకుపోయేవి. అప్పుడు నర్సింగం ఆ మనిషిని వెనక్కి తిప్పి చొక్కా మీద పేర్లు చదివేవాడు.

ఇది చూడలేక అఫ్రోజ్ ఇంటర్నెట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకుంది. అచ్చంగా స్కైడైవింగ్ క్లబ్బుల కోసమే ఎవరెవరో కలిసి రాసి ఊరికే ఇచ్చేసినది.

"ఫుకట్‌కు ఇచ్చిండ్రా? ఏదో మతలబు ఉంటది బిడ్డా," అన్నాడు నర్సింగం.

"ఏం లేదు సార్. అన్నదానం అనుకోండ్రి. ఎట్ల వండిండ్రో గూడ రాసిపెట్టిండ్రు. ఉప్పు తక్కువైతే మనమే ఏసుకోవాలె."

ఉప్పు చాలానే తక్కువైంది. ఫోన్‌ని కిటికీ ఊచకు వేలాడదీస్తేనే నెట్టు వచ్చేది. సాఫ్ట్‌వేర్ నాలోకి సగం దిగాక కరెంటు పోయేది, నేను మూర్ఛపోయేవాణ్ణి, మళ్ళీ మొదటికి. ఒకటి పెడితే ఇంకొకటి లేదనేది, అది తెచ్చిపెడితే ఇది పాతదైపోయిందనేది. చివరికి ఆమె మొహమాటపడుతూనే తన కష్టం రాసి నలుగురూ చూసే చోట పెడితే, ఏ దేశంవాడో మొహం తెలియని మనిషి ఆ ప్రోగ్రాములో ఏ లైను మార్చాలో చెప్పాడు. ఆ లైను మారగానే క్లబ్బులో అందరి ఫోన్లలోనూ పేజీ తెరుచుకుంది. అఫ్రోజ్ నా విరిగిన మూత మీద చెయ్యి వేసి నిమిరింది. నాకు అంతకుముందు అలాంటిది జరగలేదు.

మొదటిరోజు చిన్న తమాషా. బరువు పౌండ్లలో అడిగితే మనవాళ్ళు కిలోల్లో కొట్టారు. ఆ పూటంతా నా లెక్కలో క్లబ్బు నిండా బక్కచిక్కిన పిల్లలే. ఒక్కరు ఫిర్యాదు చేస్తే ఒట్టు. అఫ్రోజ్ దాన్ని సరిచేసి, కాటా తెచ్చి షెడ్డు ముందు పెట్టాక అందరి మొహాలూ మాడిపోయాయి.

తర్వాత వచ్చింది అసలు సంగతి. దూకే ప్రతి మనిషి వీపు మీదా రెండు పారాచూట్లుంటాయి. ఒకటి రోజూ వాడేది, రెండోది అది మొరాయిస్తే ప్రాణం కాపాడేది. ఈ రెండోదాన్ని రిజర్వు అంటారు. వాడినా వాడకపోయినా ఆరునెలలకోసారి విప్పి, చూసి, మళ్ళీ మడవాలి. గడువు దాటితే విమానం ఎక్కనివ్వకూడదని నాలో ఒక రూలు ఉంది. కావాలంటే పెద్దాయనకు మినహాయింపు పెట్టుకోవచ్చు.

"అవసరం లేదు," అన్నాడు నర్సింగం అందరూ వినేలా. "రూలంటే రూలే. ఎవ్వలకూ మాఫీ లేదు. నాక్గూడ."

మనుషులు ఇలాంటి మాటలు అందరి ముందూ అంటారు. తర్వాత మరిచిపోతారు. నాకు ఆ సౌకర్యం లేదు.

ఆ చలికాలం నర్సింగం మోకాళ్ళు చూసిన డాక్టరు ఇంక దూకడం కట్టిపెట్టమన్నాడు. ఒక్కసారి, చివరిసారి, పాత పటాలం మిత్రులతో కలిసి దూకి మానేస్తానని ఆయన బతిమాలి ఒప్పించుకున్నాడు. ఆ రోజు కోసం ఆయన చిన్నపిల్లాడిలా ఎదురుచూశాడు. మిత్రులు ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు. భార్య సత్తెమ్మ మటన్ వండించింది. పారాచూట్లు మడిచే ఇమ్మానుయేల్ కూడా వచ్చాడు. ఇంజను మోగుతోంది. అఫ్రోజ్ ఆయన పేరు కొట్టింది. నేను ఎర్రబడ్డాను.

"ఏమైంది బిడ్డా?"

"సార్, మీ రిజర్వు గడువు నిన్నటితోని అయిపోయింది. ఎక్కనిస్తలేదు."

నెలరోజులుగా నేను ఆయనకు మెయిళ్ళు పంపుతూనే ఉన్నాను. ఆయన మెయిళ్ళు చూసేది మనవడు. మనవడికి పరీక్షలు.

"నిన్ననే గద. ఒక్కరోజుల పాశిపోతందుకు అదేమన్న అన్నమా?" అన్నాడు. మిత్రులు నవ్వారు. "లోపలికి పోయి ఆ రూలు తీసెయ్."

"తీయొచ్చు సార్. కానీ నాక్గూడ మాఫీ లేదని మీరే అన్నరు."

జీతమిచ్చే మనిషి ఎదురుగా నిలబడ్డాడు. క్లబ్బు పారాచూట్లన్నీ అప్పటికే మిత్రుల వీపుల మీదున్నాయి. అఫ్రోజ్ చేతులు నా మీటల మీదికి వచ్చాయి. సగం పాస్‌వర్డు కొట్టింది. ఆగింది. కొట్టినదంతా చెరిపేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాతోని కాదు సార్."

విమానం ఆయన లేకుండానే లేచింది. నర్సింగం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, మెడ విరిగేలా పైకి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది, నామీద నాకే అసహ్యమేసింది. సత్తెమ్మ వచ్చి అఫ్రోజ్‌ని ఒక చూపు చూసి, "ఈ డబ్బా మాట ఇని మనిషి మనసు ఇరగ్గొడ్తివి గద," అంది.

"పరేషాన్ గాకు అక్కా, ఇప్పుడే మడిచి ఇస్త. సాయంత్రం ఇంకో ట్రిప్పు ఉన్నది," అని ఇమ్మానుయేల్ ఆ రిజర్వును బల్లమీద పరిచాడు. నా పక్కనే. బట్ట విప్పాడు, కిందికి వెళ్ళే తాళ్ళు సవరించాడు. చెయ్యి ఆగిపోయింది.

తాళ్ళన్నిటినీ ఒక్క కట్టగా బిగించి ఎర్రదారం చుట్టి ఉంది. దానికి మూడు ముళ్ళు.

"ఇది ఎవలు కట్టిండ్రు?"

"నేనే," అంది సత్తెమ్మ. "పోయినసారి నువ్వు సగం మడిచి బువ్వకు పోయినవు గద, అప్పుడు కట్టిన. గుట్టమీద గుళ్ళె పూజ చేయించిన దారం. ఆయనకు ఏం గావద్దని."

ఇమ్మానుయేల్ ఆ ముళ్ళను వేలితో లాగి చూశాడు. తను తిరిగొచ్చి చూసుకోకుండా మూసేశాడని అతనికీ అర్థమైంది. "అక్కా, ఈ తాళ్ళు ఇడిపోతేనే గొడుగు ఇచ్చుకుంటది," అన్నాడు మెల్లగా. "దారం తెగితే సరే. తెగకుంటే..."

సత్తెమ్మ ఉన్నచోటే నేలమీద కూలబడింది. నర్సింగం కుర్చీలోంచి లేచి వచ్చి, దారాన్ని చూసి, భార్య పక్కనే ఆ నొప్పి మోకాళ్ళతో కూర్చున్నాడు.

"పెండ్లిల నేను నీకు ఏసిన మూడు ముళ్ళకు ఇన్నేండ్లకు బదులు తీర్సుకుంటున్నవా?"

ఆమె ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒకటి వేసింది.

ఇమ్మానుయేల్ దారాన్ని ఓపిగ్గా విప్పి ఆమె చేతికిచ్చాడు. రిజర్వు మడిచి సీలు వేశాడు. నేను పచ్చబడ్డాను. సాయంత్రం నర్సింగం దూకాడు. మొదటి పారాచూటే పువ్వులా విచ్చుకుంది, రిజర్వు అవసరం రాలేదు. నేలమీద దిగి, మిత్రుల్ని వదిలేసి, ముందు షెడ్డులోకి వచ్చి అఫ్రోజ్‌కి సెల్యూట్ కొట్టాడు. సైన్యం మనిషి సెల్యూట్ కొడితే ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్ల లేచి నిలబడి ఏడ్చింది.

అందరూ అన్నాలకు వెళ్ళాక సత్తెమ్మ ఒక్కతే నా దగ్గరికొచ్చింది. వాలిపోతున్న మూతను నిలబెట్టి, గోడ మేకుకూ దానికీ కలిపి ఎర్రదారం చుట్టి, మూడు ముళ్ళు వేసింది. "నిన్ను డబ్బా అంటి, మనసుల పెట్టుకోకు," అంది. రిపేరు షాపువాడికి చేతకాని పని ఆ దారం చేసింది. నా మూత మళ్ళీ వాలలేదు.

తర్వాత కొన్నాళ్ళకు క్లబ్బుకి కొత్త కంప్యూటర్ వచ్చింది. నాలో ఉన్నదంతా అఫ్రోజ్ అందులోకి మార్చింది. పాత సామాన్లవాడు గుమ్మంలో నిలబడి తక్కెడ సర్దుకుంటున్నాడు. సత్తెమ్మ అడ్డం వచ్చింది.

"మూడు ముళ్ళు పడ్డంక ఇంట్లకెళ్ళి ఎల్లగొడ్తరా ఎవలన్న?"

తక్కెడ వెనక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను నర్సింగం ఇంట్లో, ఆయన పాత రిజర్వు పక్కన అరమీద ఉన్నాను. దాని గడువు తీరి చాలా కాలమైంది, నాదీ అంతే. శుక్రవారం పూట సత్తెమ్మ కుంకుమభరిణె పట్టుకుని వస్తుంది. బొట్టు ముందు నాకు పెడుతుంది, తర్వాతే ఆయనకు.