సాయంత్రం రంగు

స్టేషన్ తూర్పు గేటు బయటి ఆవరణలో ఎవరి జేబూ తెగలేదు, ఎవరి మెడలో గొలుసూ పోలేదు. అయినా ఆ చోటు పేరెత్తితే చాలు, జనం మొహం చిట్లించేవారు. మూడువైపులా ఎత్తైన గోడలు, వాటికి ఏ మహానుభావుడో వేయించిన బొగ్గురంగు. రైలు దిగినవాళ్ళు అక్కడికి రాగానే సంచులు చంకలో ఇరికించుకుని, వెనక ఎవరో తరుముతున్నట్టు పరుగులాంటి నడకతో దాటేసేవారు.

ఆ ఆవరణ మూలన కత్తెరమ్మ కుట్టుదుకాణం ఉంది. భర్త పోయాక ఇల్లు నిలబెట్టింది ఆ మిషనే. ఒకరోజు స్టేషన్ మాస్టారు ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి వచ్చి, చల్లగా కబురు చెప్పాడు.

"నెలాఖరుకు ఈ గేటు మూసేస్తారటమ్మా. ఆడవాళ్ళు ఒకటే ఫిర్యాదులు. భయంగా ఉందట."

"ఏం జరిగిందని భయం?"

"ఏమీ జరగలేదు. నేనూ అదే అన్నాను. జరిగాక మూస్తే ఏం లాభం అంటున్నారు పైవాళ్ళు."

గేటు మూస్తే అటు కాకి కూడా రాదు. దుకాణానికి తాళం వేసుకోవడమే. కత్తెరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయితే ఊళ్ళోవాళ్ళను అనడానికి నోరెలా వస్తుంది? కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే సొంత కూతురే రోజూ పడమటి గేటులో దిగి, వంతెన చుట్టూ తిరిగి ఇంటికొస్తోంది. "పొద్దుగూకకముందే ఇల్లు చేరు" అని రోజూ చెప్పేది తనే.

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగింది. "నిజం చెప్పు. అక్కడ నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదమ్మా. ఆ గోడల ముందు ఎవరు నిలబడినా దొంగలాగే కనిపిస్తారు. చివరికి మన తాళాల తాత కూడా."

తాళాలు బాగుచేసే తాత చీమకైనా దారి ఇచ్చి నడిచే మనిషి. ఆయనే దొంగలా కనిపిస్తున్నాడంటే తప్పు తాతది కాదు, గోడది. కత్తెరమ్మ పొద్దున్నే మాస్టారి దగ్గరికి వెళ్ళి, గోడలకు వేరే రంగు వేసుకుంటామని అడిగింది. "వేసుకోండమ్మా, రంగే కదా. తనిఖీకి ఆఫీసరుగారు వస్తారు. అప్పటికి జనం కాస్త నిలబడితే నేనూ ఒక మాట చెబుతాను" అన్నాడాయన.

రంగులు వేసే మరిది పడీపడీ నవ్వాడు. "వదినా, గోడకు కొలతలు తీసి జాకెట్టు కుడతావా?"

"ముందు బ్రష్ పట్టు. నోటికి తర్వాత పని చెబుదువుగాని."

జాకెట్టు గుడ్డకు లైనింగ్ కలపాలన్నా, దారం ఎంచాలన్నా కత్తెరమ్మ దాన్ని బయటికి తెచ్చి ఎండలో పట్టి చూస్తుంది. దీపం కింద చూసిన రంగు రంగే కాదన్నది ఆమె పట్టుదల. అలాగే మిట్టమధ్యాహ్నం చెక్కల మీద రంగులు పూయించి, ఎండలో నిలబెట్టి, లేత నీలం ఎంచింది. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. గోడలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం దీపాలు వెలిగాయి. స్టేషన్ వాళ్ళవి పసుపుపచ్చ దీపాలు. ఆ వెలుగు పడగానే నీలం కాస్తా పాచిపట్టిన నీళ్ళ రంగుకు తిరిగింది. రైలు దిగినవాళ్ళ మొహాలు కామెర్లు కమ్మినట్టు అయిపోయాయి. జనం మునుపటికంటే వేగంగా దాటిపోయారు.

మరిది గడ్డం గోక్కున్నాడు. "ఇన్నాళ్ళూ దొంగల్లా ఉండేవాళ్ళం వదినా. ఇప్పుడు రోగులమయ్యాం. ఒక మెట్టు ఎక్కినట్టే."

కత్తెరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. జనం భయపడేది పొద్దుగూకాక. తను గోడను ఎండలో నిలబెట్టి చూసింది!

"మూస్తే మూయనీ అమ్మా, ఇంకోచోట పెట్టుకుందాం" అంది కూతురు.

"మూయనీ. కానీ నా చేతి తప్పు గోడ మీద ఉండగా మాత్రం మూయనివ్వను."

మర్నాడు దీపాలు వెలిగేదాకా ఆగి, దుకాణంలోని లైనింగ్ గుడ్డలన్నీ తెచ్చి గోడకు మేకులు కొట్టి వేలాడదీసింది. ఒక్కో గుడ్డ ముందూ తాళాల తాతను నిలబెట్టింది.

"కాస్త నవ్వు తాతా."

"నడుం పట్టేస్తుంటే నవ్వెక్కడిదే తల్లీ!"

నారింజలో ఇటుకపొడి కలిపినట్టుండే గుడ్డ ఒకటి ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా పడి ఉంది. దాని ముందుకు వచ్చేసరికి, నవ్వకపోయినా తాత పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. "ఇదే" అంది కత్తెరమ్మ.

ఈసారి దుకాణాలవాళ్ళు ముందుకు రాలేదు. "పగటిపూట ఇది కళ్ళల్లో పొడుస్తుంది" అన్నారు.

"పగలు ఎవరికీ భయం లేదుగా!" అని కొంగు బిగించి తనే నిచ్చెన ఎక్కింది. మరిది సణుగుతూనే పక్కన నిలబడ్డాడు. చేతులు బొబ్బలెక్కి కత్తెర పట్టుకోవడం కష్టమైనా, తనిఖీ నాటికి మూడు గోడలూ పూర్తయ్యాయి.

ఆ సాయంత్రం ఆఫీసరుగారు, మాస్టారు గేటు దగ్గర నిలబడ్డారు. ఆఫీసరుగారి మొహం చూస్తే ఆవిడ మనసులో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. కత్తెరమ్మ గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని ఎవరిదో జాకెట్టు చెయ్యి మడత పెడుతోంది గాని, ప్రాణమంతా గేటు మీదే ఉంది. రైలు వచ్చింది. జనం బయటికి వచ్చారు. పెట్టె మోస్తున్న ఒకాయన దాన్ని కింద దించి చేతులు విదిలించుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు గోడ పక్కన ఆగి కబుర్లలో పడ్డారు.

వాళ్ళ వెనకే కూతురు వచ్చింది. చెప్పు పట్టీ ఊడినట్టుంది, గోడ కిందున్న సిమెంటు గట్టు మీద కూర్చుని సరిచేసుకుంది. సరిచేసుకున్నాక కూడా లేవలేదు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వింది. నోటినిండా సూదులుండబట్టి సరిపోయింది, లేకపోతే కత్తెరమ్మ గట్టిగా కేకేసేది.

"ఇంతమంది ఆగుతున్నారు, ఇక్కడ ఒక్క బెంచీ కూడా లేదేమండీ?" అని ఆఫీసరుగారు మాస్టారిని కోప్పడింది. "వారంలోగా వేయించండి."

కాసేపటికి కూతురు దుకాణం మెట్లెక్కింది. "ఏంటమ్మా అలా చూస్తున్నావు? చీకటి పడిపోయింది, పద ఇంటికి."

కత్తెరమ్మ పెదాల మధ్యనుంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"తొందరేముందే?" అంది. "వెళ్ళి ఇంకాసేపు కూర్చో."