దాచుకున్న పలకలు

దుంగ రంపానికి అడ్డం తిరిగింది. వాహెద్ ఎడమ మోకాలు ఆనించి సరిచేశాడు. ఓడల మీద వచ్చిన టేకు ఇది. కోస్తుంటే వాసన రాదు, పొట్టు మాత్రం కళ్లలో పడుతుంది. అరవై నాలుగేళ్ల పొట్టి మనిషి, కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఆసిఫాబాద్‌లో ఈ సామిల్లు పెట్టిననాటి నుంచీ రంపం దగ్గర నిలబడ్డది అతనే. ఒకప్పుడు తిర్యాణి అడవి లారీలకెక్కి వరసగా వచ్చేది. వచ్చిందాన్ని వచ్చినట్టు చీరి పంపాడు. ఇప్పుడు వారానికి రెండు రోజులు రంపం తిరిగితే గొప్ప.

ఆ అడవి కలపలో మిగిలినవి ఎనిమిది పలకలు. తను పోయాక కబరు గోతిలో, మట్టి ఒంటి మీద పడకుండా అడ్డంగా పరచడానికని మిల్లు వెనక రేకుల కింద, గోనెపట్టా కప్పి దాచుకున్నాడు. యజమాని సరేనన్నాడు. నవ్వింది వాహెద్ భార్య షహర్ బానో ఒక్కతే.

"అడివంత కోసినోనికి మల్ల అడివి కట్టెనే కావాల్నా?"

ఆ మాట గుచ్చుకుంది. అయినా కావాలనే ఉంది. ఎందుకో అడిగితే చెప్పలేడు.

ఊళ్లో ముస్లింల ఇళ్లలో ఎవరు పోయినా కబరు పలకలు ఈ మిల్లు ఊరికే ఇస్తుంది. ఎన్ని కావాలని వాహెద్ అడిగేవాడు కాదు. పోయినవాళ్లను బతికుండగా ఒకసారి చూసి ఉంటే చాలు, వాళ్ల ఎత్తుకు సరిగ్గా సరిపోయేన్ని కోసి ఇచ్చేవాడు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకునే తన్వీర్ వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"చాచా, అమ్మీ పోయింది. పొద్దుగూకక ముందు, అసర్ నమాజు యాల్లకు మట్టిల పెట్టాలె. పలకలు..."

వాహెద్ ఆవరణంతా కలయజూశాడు. ఉన్న ఒక్క దుంగా కోతకు వచ్చిన పరాయివాళ్లది. లేవు అనడం తేలికే, నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లలో ఆ గేటు దగ్గర ఆ మాట ఎవరూ అనలేదు. తన్వీర్ తల్లిదీ తన ఎత్తే. వెనక్కి వెళ్లి గోనెపట్టా లాగేశాడు.

"గివి నీకోసం పెట్టుకున్నయి గద చాచా?"

"నాకేం జల్దీ లేదు. తీస్కపో."

ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు. ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని మళ్లీ రంపం తిప్పాడు.

ఇరవై రోజులకు, ఒక పొద్దున, షహర్ బానో పెట్టిన చాయ్ చల్లారిపోయినా వాహెద్ లేవలేదు.

మిల్లులో చెక్క లేదు. షాబాద్ బండలు తెస్తానని తన్వీర్ బయల్దేరాడు. ఎన్ని తేవాలని అడిగాడు. చెప్పగలిగిన మనిషికి లోపల స్నానం చేయిస్తున్నారు. తన్వీర్ అందాజాగా తెచ్చాడు.

మట్టి వేసి అందరూ వెళ్లిపోయారు. ఎక్కువైన బండ ఒకటి కబరస్తాన్ గోడకు ఆనించి ఉంది.