గోరు మందం పుట్టీ

మేస్త్రి పొద్దున్నే షట్టరు ఎత్తి, షెడ్డులో ఉన్న కార్ల తలుపులన్నీ వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. టంగుమంటే రేకు, దబ్బుమంటే పుట్టీ. సొట్ట తియ్యకుండా ఎవడెంత మందంగా పూసి రంగేశాడో ఆ చప్పుడే చెప్పేస్తుంది. తర్వాత టీ. టీ తర్వాతే సుత్తి.

ఆ రోజు టీ చల్లారకముందే ఓ తెల్ల కారుని గొలుసు కట్టి లాక్కొచ్చారు. వెనకాలే ఆటోలోంచి ఒకావిడ దిగింది. దర్జీ పని చేస్తుందట, మెళ్ళో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చేసింది. చేతిలో ఆస్పత్రి చీటీ. మందుల పేర్ల కింద డాక్టరు రాశాడు: డ్రైవరు వైపు తలుపు, ఇవాళే.

మేస్త్రికి ఇలాంటి చీటీలు కొత్త కాదు. బండితో పాటు దెబ్బతిన్న మనిషి బండితో పాటే బాగవుతాడు. ఎముకలూ నెత్తురూ ఆస్పత్రి వాళ్ళు చూస్తారు, మిగతాది షెడ్డు. నెలకి రెండు మూడు వస్తూనే ఉంటాయి.

"ఎన్ని రోజులైందమ్మా?"

"పదకొండు. మా అబ్బాయి ఇంకా కళ్ళు తెరవలేదు. బండిని స్టేషన్ వాళ్ళు ఇవాళే వదిలారు. సాయంత్రం దాకా చూస్తామన్నారు డాక్టర్లు, మేస్త్రి గారూ... నాకు వాడొక్కడే."

ఆస్పత్రి నుంచి కోడలు ఫోన్లోనే ఉంది. ఆవిడ స్పీకరు పెట్టి ఫోన్ని బానెట్ మీద ఉంచింది.

మేస్త్రి సొట్టలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాటి దిగింది. లోపలికెళ్ళి మూడు డబ్బాలు తెచ్చాడు.

"ఇది తేలిక పుట్టీ. అరగంటలో ఆరుతుంది, ఉప్పుకాయితంతో రుద్దితే వెన్నలా లొంగుతుంది. కానీ ఇంత లోతులో పూస్తే నాలుగు నెలల్లో పగులుతుంది."

"పగిలితే?"

"మళ్ళీ పడిపోతాడు. ఇంకోటి, ఇది గాజు నార కలిపిన పుట్టీ. రాయే అనుకోండి. దీంతో నింపితే లేస్తాడు, తింటాడు. పిలిస్తే మాత్రం తిరిగి చూడడు."

"మూడోది?"

మేస్త్రి నసిగాడు. "ఇది సన్నపుట్టీ. గోరు మందమే పూయాలి. అంటే ముందు రేకుని లోపల్నుంచి కొట్టి పైకి తేవాలి. కొట్టిన ప్రతి దెబ్బా అతనికి తెలుస్తుందమ్మా. తట్టుకోలేకపోతే..."

ఆవిడ వేలు మూడు డబ్బాల మీదా తిరిగి సన్నపుట్టీ మీద ఆగింది.

మేస్త్రి తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. బయట ఇనప దిమ్మ ఆనించి లోపల్నుంచి ఒక్కటేశాడు.

ఫోన్లో పెద్ద కేక.

"అత్తయ్యా! అరిచారు! ఈయన అరిచారు!" కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు.

రెండో దెబ్బ. మూడోది. ఇరవయ్యో దెబ్బకి కోడలి గొంతు మారిపోయింది.

"ఆపమనండి అత్తయ్యా! నలుగురు పట్టుకున్నా ఆగట్లేదు. ఆ రాయి లాంటిదే పూసెయ్యమనండి. నన్ను చూడకపోయినా పర్లేదు, మనిషి మిగిలితే చాలు నాకు!"

మేస్త్రి సుత్తి దించేశాడు. సొట్ట ఇంకా నాలుగు వేళ్ళ లోతుంది.

ఆవిడ ఫోన్ మీదకి వంగింది. "అమ్మడూ, ఫోన్ వాడి పక్కన పెట్టి నువ్వు బయటికెళ్ళు. వెళ్ళమ్మా. నేను వింటా."

అటు తలుపు మూసిన చప్పుడైంది. ఆవిడ మేస్త్రి చేతిలోంచి దిమ్మ లాక్కుని తనే తలుపుకి ఆనించింది.

"కొట్టండి."

కొట్టాడు. దెబ్బ దెబ్బకీ ఆవిడ భుజం దాకా అదిరింది. కేకలు కాస్తా మూలుగులయ్యాయి. మూలుగులు సన్నబడ్డాయి. రేకు నునుపుగా పైకొచ్చేసరికి ఫోన్లో ఏమీ లేదు.

మేస్త్రి చెమట తుడుచుకోలేదు. ఆవిడ దిమ్మ వదల్లేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

చాలాసేపటికి ఫోన్లోంచి బొంగురు గొంతు లేచింది.

"ఎవడ్రా ఆ వెధవ, కొట్టేది! వాడి చేతులు పడిపోను!"

మేస్త్రి సుత్తి పక్కన పెట్టి సన్నపుట్టీ డబ్బా మూత తీశాడు.

"మిమ్మల్నే," అంది ఆవిడ, మొహమంతా తడిసిపోయి. "ఏమనుకోకండి..."

"ఊరుకోండమ్మా," అంటూ మేస్త్రి పలక మీద పుట్టీ తీసి, గట్టిపడేందుకు బఠాణీ గింజంత హార్డెనర్ కలపసాగాడు. "ఇది ఆరేదాకా తిడుతూనే ఉండమనండి."