ముట్టకు, తిరగనియ్

సాయంత్రం ఐదింటిలోగా బిక్షపతి ఇంటర్నెట్ నేర్చుకోవాలి. ఇప్పుడు టైము మూడున్నర. నేర్చుకోలేదా, ఆస్పత్రిలో ఉన్న కొమురవ్వ మొహం మీది ఆక్సిజన్ మాస్కు మళ్లీ పీకేస్తుంది.

సంగతేమిటంటే, మొగుడికీ పెళ్లానికీ ఒకే రోజు జ్వరం తగులుకుంది. రెండోసారి వచ్చిన కరోనా సూరత్‌ను ఊపిరి తీసుకోనివ్వని ఏప్రిల్ అది. కొమురవ్వకు ఆయాసం ఎక్కువై అంబులెన్సులో తీసుకుపోయారు. బిక్షపతిది ఉత్త దగ్గూ జ్వరమే కదా అని, పర్వత్ పాటియాలో వరసగదుల చాల్‌లోని అతని గది తలుపుకు ఒక కాగితం అంటించి, కాలు బయట పెట్టొద్దని చెప్పిపోయారు. అప్పటి నుంచి నాలుగు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈ నాలుగు రోజుల్లో కొమురవ్వ ఒక మాట మీదికి వచ్చేసింది: మొగుడు చచ్చిపోయాడు, అందరూ కలిసి తన దగ్గర దాస్తున్నారు!

పొద్దున నర్సమ్మ మామూలు ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టింది. దగ్గీ దగ్గీ బొంగురుపోయిన గొంతుతో, "నేనే కొమురా" అన్నాడు బిక్షపతి.

"గిది ఆయన గొంతు కాదు. ఎవన్నో పట్టుకొచ్చి మాట్లాడిపిస్తున్రు" అని ఆమె మాస్కు లాగేసి మంచం దిగబోయింది. ఇద్దరు కలిసి పట్టుకోవలసి వచ్చిందట.

తర్వాత నర్సమ్మే చెప్పింది. మాస్కు తీస్తే ఆమె నిలవదు. మాట నమ్మడం లేదు కాబట్టి మొహం చూపించండి. ఐదింటికి మీ వంతు, వీడియో కాల్, పది నిమిషాలు. దాటితే మళ్లీ రేపే.

రేపటిదాకా ఎవరు చూడొచ్చారు? బిక్షపతి చేతిలో ఉన్నదేమో గుండీల ఫోను. ఇరవై ఏళ్ల నుంచి సూరత్‌లో ఉన్నా ఇంటర్నెట్ అంటే పిల్లల వ్యవహారమని వదిలేసిన మనిషి.

ఆపద్బాంధవిలా దొరికింది సందుకు అవతల, ఎదురు గ్యాలరీ పద్మారాణి. చీరలకు రాళ్లు అంటించి, ఫోటోలు తీసి, ఫోనులోనే అమ్ముకునే మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పగిలిన అద్దంతో మూలన పడున్న తన పాత ఫోనులో నెట్టు వేయించి, గుడ్డలో మూటగట్టి, బట్టలారేసే వెదురుకర్రకు తగిలించి సందు మీదుగా ఇవతలికి చాపింది.

"నీ ఫోన్లనే ఆడికెల్లి నన్ను చూపియ్యరాదు చెల్లె?" అన్నాడు బిక్షపతి.

"గింత దూరం నుంచి చీమంత కనవడ్తవ్. గొంతునే నమ్మని వదినె, చీమను నమ్ముతదా? పట్టు అన్నా, జల్ది!"

అలా మొదలైంది చదువు. గురువు ఆ గ్యాలరీలో, శిష్యుడు ఈ గ్యాలరీలో, మధ్యలో సందు. వేలితో పైనుంచి కిందికి జార్చమంది. జార్చాడు. నెట్టు గుర్తు మీద ఒత్తమంది. ఒత్తాడు. ఏమీ కాలేదు! తెగిన నూలుకు ముళ్లు వేసీ వేసీ కాయగట్టిన వేలు అది. ఆ అద్దం దాన్ని వేలుగా ఒప్పుకుంటేనా?

"చిటికెన వేలుతోని ఒత్తు. అది జర మెత్తగుంటది."

చిటికెన వేలితో పని జరిగింది. బిక్షపతి మొహం కాస్త వెలిగింది. పద్మారాణి అక్కడితో ఆగలేదు, జాగ్రత్తలు కూడా చెప్పింది. "తెల్వనిది ఏమన్న అడిగితే సరే అని ఒత్తకు. మొన్న మా ఆడిబిడ్డ అట్లనే ఒత్తి ఆగమైంది." అతను బుద్ధిగా తల ఊపాడు. ఈ మాటే తర్వాత కొంప ముంచబోతుందని ఇద్దరికీ తెలియదు.

ఇక పరీక్ష కోసం ఆమె తన ఫోను నుంచి ఒక లింకు పంపింది. బిక్షపతి ఒత్తాడు. తెర నల్లబడి, నడుమ చిన్న సున్నా ఒకటి గిరగిరా తిరగసాగింది. అంతే, అతని బొటనవేలు పోయి పక్కగుండీ నొక్కేసింది. ఫోను ఆరిపోయింది.

"ఏందన్నా, ఎందుకు బంద్ చేసినవ్?"

"ఆగిపోయింది గద చెల్లె."

మళ్లీ లింకు, మళ్లీ సున్నా, మళ్లీ గుండీ. మూడోసారీ అదే! పద్మారాణి నెత్తి కొట్టుకుంది. పాపం, ఆ తప్పు అతనిది కాదు, చేతిది. సూరత్‌కు రాకముందు నుంచీ, ముప్పై ఏళ్లుగా సాంచాలు, అదే, కరెంటు మగ్గాలు, నడిపిన చేయి. పోగు తెగినా, ఏది ఆగినా, కన్ను చూసే లోపల చేయి పోయి బంద్ చేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గుడ్డంతా ఖరాబు, సేఠ్ తిట్లు బోనసు. ఆగితే ముందు బంద్ చేయడం ఒక్కటే ఆ చేతికి తెలిసిన విద్య.

"అది ఆగలేదన్నా, వస్తున్నది! తిరుగుతుంటే తిరగనియ్. నీకు దండం వెడ్త, ముట్టకు!"

ఐదుకు ఐదు నిమిషాలుందనగా ఆస్పత్రి లింకు వచ్చింది. బిక్షపతి చిటికెన వేలితో ఒత్తాడు. కెమెరా వాడుకోవచ్చా అని ఫోను తెలుగులో అడిగింది. సరే అన్నాడు. వెంటనే రెండోది అడిగింది. మైక్రోఫోన్ అట. కూడబలుక్కుని చదివాడు కానీ ఏమిటో అర్థం కాలేదు. తెలియనిదానికి సరే అనొద్దు కదా! వద్దు అని ఒత్తాడు, పెద్ద గండం తప్పించుకున్నట్టు ఊపిరి వదిలాడు.

సున్నా తిరిగింది. తిరిగింది, తిరిగింది. బొటనవేలు దానంతటదే కదిలింది. ఫోను ఆరిపోయింది!

"అయ్యో నా చెయ్యి ఇరుగ!" అని కేక పెట్టాడు.

"ఏడువకు, మళ్ల ఒత్తు! టైమున్నది, వాళ్లిచ్చిన పదిట్ల ఇంకా ఆరు నిమిషాలున్నయ్!"

మళ్లీ ఒత్తాడు. ఈసారి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, కొయ్యబొమ్మలా దాని ముందు కూర్చున్నాడు. సున్నా తిరుగుతోంది. చేతులు లోపల గింజుకుంటున్నాయి. 'తిరుగు తల్లీ, తిరుగు. నేను ముట్ట' అనుకున్నాడు. నుదుటి చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు.

తెర మీద కొమురవ్వ కనబడింది. నాలుగు రోజులకే చిక్కి సగమైంది. బిక్షపతికి దుఃఖం పొంగుకొచ్చింది. "కొమురా! నేనే! మంచిగనే ఉన్న!" అన్నాడు, ఎక్కడ ఆరిపోతుందోనని పెదవి కూడా సరిగ్గా కదపకుండా.

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అతనికి ఆమె మాట వినబడుతోంది, ఆమెకు అతని మాట వినబడటం లేదు. ఎట్లా వినబడుతుంది, వద్దని ఒత్తింది అతనే కదా!

"మాట్లాడడేంది? కదలడేంది?" మాస్కు లోపలి నుంచి ఆయాసంగా అంది కొమురవ్వ. "ఫోటో వెట్టిన్రు. పాత ఫోటో. నాకు తెల్వదా?" ఆమె చేయి మాస్కు తాడు మీదికి పోయింది. నర్సమ్మ ఆపబోయింది, ఆమె విదిలించుకుంది. మాస్కు ఒక పక్కకు ఊడింది.

"మైకు వెట్టలేదన్నా! కింద మైకు బొమ్మ ఉంటది, ఒత్తు!" అటునుంచి పద్మారాణి అరుస్తోంది. ముట్టుకుంటే మళ్లీ ఆరిపోతుందేమో! అరిచి లాభం లేదు, ముట్టుకునే ధైర్యం లేదు.

అప్పుడు చంకల్లోంచి చేతులు వాటంతటవే బయటికొచ్చాయి.

సాంచాల కార్ఖానాలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ మోతలో ఉన్నవన్నీ చేతి మాటలే. కొమురవ్వ అదే షెడ్డులో పన్నెండేళ్లు నూలు కండెలు చుట్టింది. బిక్షపతి అరచేయి అడ్డంగా ఊపాడు: ముట్టకు. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు: నడుస్తున్నది, నడవనియ్.

కొమురవ్వ చేయి తాడు మీదే ఆగింది. కళ్లు పెద్దవి చేసి చూసింది. ఫోటో చేతులు తిప్పదు. రెండు చేతుల వేళ్లు కలిపి, విడదీసి చూపింది. పోగు తెగిందా అని అడగడం అది. తలతో, చేతితో, ఒంటితో లేదు లేదన్నాడు బిక్షపతి. తన గుండె మీద వేలు పెట్టుకుని మళ్లీ గుండ్రంగా తిప్పాడు. మాస్కు వైపు చూపించి అరచేయి ఊపాడు. ముట్టకు కొమురా, నడవనియ్.

ఆమె మాస్కును రెండు చేతులతో సరిగ్గా పెట్టుకుంది. తర్వాత బొటనవేలు పెదవుల దగ్గరికి ఎత్తింది. షెడ్డులో రోజూ పది గంటలకు అడిగే మాటే. చాయ్ తాగినవా?

పొద్దుట్నుంచి నోట్లో చుక్క పోలేదు. తాగానని తల ఊపాడు, ఊపుతూనే భోరుమన్నాడు.

తెర ఆరిపోయింది. బిక్షపతి అదిరిపడ్డాడు. "నేను ముట్టలేదు చెల్లె! ఒట్టు, నేను ముట్టలేదు!"

"తెల్సన్నా. టైమైపోయింది, వాళ్లే బంద్ చేసిన్రు" అంది పద్మారాణి. వెదురుకర్ర అందుకుంది. "ఉండు, చాయ్ పంపుత."

అరగంటకు గుండీల ఫోను మోగింది. నర్సమ్మ. బిక్షపతి ఎత్తాడు. కొమురవ్వ మాస్కు మళ్లీ తీయలేదని, గంజి కూడా తాగిందని చెప్పింది. తర్వాత హిందీలో ఒక సందేహం అడిగింది. నేను మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా వేలెత్తి గుండ్రంగా తిప్పుతోంది, ఏం కావాలట?

"కుఛ్ నహీ మాంగ్తీ బహెన్" అన్నాడు బిక్షపతి. "సాంచా చాలూ హై, బోల్తీ." సాంచా నడుస్తున్నదని చెబుతోంది, అంతే.