బంతికెన్ని ఆకులు

పెళ్లై వచ్చిన రెండేళ్లుగా అత్త తాయమ్మ వంట మీద కోమలికి ఒకటే అభిప్రాయం: ‘సాలత్తా.’ గరిటె పళ్లెం మీదికి వంగడం ఆలస్యం, అడ్డంగా చెయ్యి పెట్టేస్తుంది. మేనమామ ఇంట్లో ఆయన ముగ్గురు పిల్లలతో పాటు నాలుగోదిగా పెరిగిన పిల్ల. అడక్కుండా ఉండటమే మంచితనమని ఎవరో చిన్నప్పుడే నూరిపోసి ఉంటారు. తాయమ్మ ఆ చెయ్యి పక్కకు నెట్టి ఇంకో గరిటె వడ్డించేది. కోమలి దాన్ని మెతుకు మిగల్చకుండా తినేసేది. ఈ పిల్ల ‘సాలు’ అన్నదని నమ్మితే పస్తు పెట్టినట్టేనని తాయమ్మకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

అలాంటి కోడల్ని వెంటబెట్టుకుని, ఏడు నెలల మనవరాలిని చంకనేసుకుని, తాయమ్మ ఆ బుధవారం కార్వేటినగరంలో తిరుపతి బస్సెక్కింది. ఇంటికి కంప్యూటర్ కొనాలి.

కోమలి పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. తిరుపతిలో జోయల్ అనే ఆయన స్టూడియోలో ఐదేళ్లుగా అదే పని. పెళ్లికూతురు కంట్లో పొగ పడి ఏడ్చిన ఫోటోని అప్పగింతల పేజీలో పెట్టి, చూసినవాళ్లందరికీ ముక్కు చీదించగల పనిమంతురాలు. కాన్పు తర్వాత రోజూ అంత దూరం బస్సుల్లో తిరగడం కుదరలేదు. ఇంటి నుంచే చెయ్యమని జోయల్ మంచి మాటే చెప్పాడు గానీ దానికో మెలిక పెట్టాడు. శనివారానికల్లా ఇంటి కంప్యూటర్ మీద ఒక ఆల్బమ్ పూర్తిచేసి పంపాలి. అది మధ్యలో బిగుసుకుపోయి ఆలస్యమైందా, ముహూర్తాల కాలం కాబట్టి ఆయన వేరే మనిషిని పెట్టుకోక తప్పదు.

ఆ పని పోతే కోడలు పైకి ఒక్క మాటా అనదు. పాపను ఉయ్యాల్లో వేసి ఊపుతూ, ‘ఈ పని సాలత్తా’ అంటుంది. తాయమ్మ భయమంతా అదే.

షాపతని పేరు గుణశేఖర్. ముప్పై ఐదేళ్లుంటాయి, నెమ్మదస్తుడు. అన్నీ చూపించి ఆఖరికి అసలు ప్రశ్న అడిగాడు.

“మెమరీ ఎంత ఏయమంటారు మేడం? ఎనిమిది జీబీనా, పదహారా, ముప్పై రెండా? ముందే చెప్తా ఉండా, ఇప్పుడు మెమరీ రేట్లు వానాకాలం టమోటా మాదిరి పైకి పోయినాయి.”

“ఎనిమిది సాలన్నా,” అంది కోమలి.

తాయమ్మ పాప నోట్లోంచి కొంగు లాగుతున్నదల్లా ఆగిపోయింది. ఆ గొంతు తనకు బాగా తెలుసు. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టే గొంతు అది.

“అప్పా, ఆ మెమరీ అంటే ఏంది? ఫోటోలు దాసిపెట్టేదా?” అని అడిగింది.

“కాదు పెద్దమ్మా. దాసేది వేరే ఉండాది. ఇది ఒకే తూరి ముందర తెరిసి పెట్టుకోని పనిసేసేదానికి.”

తాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ముప్పై ఏళ్లుగా పెళ్లి వంటలకు పోయే మనిషి. పెళ్లికి వెయ్యి మంది వస్తారంటే వంటవాళ్లెవరూ బెదిరిపోరు. ఒక్కో వరసలో ఎంతమందిని కూర్చోబెడతారనేదే వాళ్లకు కావాలి. ఆ వరసనే బంతి అంటారు. దాన్నిబట్టే పొయ్యిలు, గరిటెలు, వడ్డించే చేతులు.

“అంటే బంతికెన్ని ఆకులని అడగతా ఉండావు,” అంది. “సామాన్ల గది ఎంత పెద్దదైనా, ఒగే తూరి కూసునేది ఎంతమందనేదే గదా లెక్క?”

గుణశేఖర్ నోరు తెరిచాడు. “పదేండ్లుగా అమ్మతా ఉండా పెద్దమ్మా. ఇంత బాగా నాకే సెప్పను రాలేదు.”

“ఆకులు సాలకపోతే?”

“తినేవాళ్లను సగంలో లేపి ఇంకొకర్ని కూసోబెట్టినట్టు. పని నత్తనడక నడస్తాది. ఒక్కోతూరి బిగుసుకోని అట్లే నిలిసిపోతాది.”

బిగుసుకుపోవడం అనేసరికి తాయమ్మకు శనివారం గడువు గుర్తొచ్చింది. అయినా పైకి తేలనివ్వకుండా, “అయితే లెక్క తీయి,” అంది.

గుణశేఖర్ షాపులో ఉన్న పెద్ద కంప్యూటర్ ముందు కోమలిని కూర్చోబెట్టాడు. రోజూ చేసే పనే చెయ్యమన్నాడు. ఎంత మెమరీ ఖర్చవుతోందో పక్కనున్న అంకె చెబుతుందన్నాడు. కోమలి తన పెన్‌డ్రైవ్ పెట్టి ఒక ఫోటో తెరిచింది. చూసింది, మూసింది. ఇంకోటి తెరిచింది, మూసింది. అంకె ఆరు దాటి ఆరున్నర దగ్గర ఆగింది.

“ఎనిమిది సరిపోతాది పెద్దమ్మా,” అంటూ గుణశేఖర్ బిల్లు పుస్తకం తీశాడు.

“రొంచేపు ఉండప్పా. ఈ పిల్ల పరాయింట్లో తినే మాదిరి తింటా ఉండాది,” అంది తాయమ్మ. ఆ మాటకు కోమలి మొహం ఎర్రబడింది.

తాయమ్మ పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, కోడలి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట ఆ కంప్యూటర్ షాపులో, అంతమంది తిరుగుతుండగా, ఎందుకు నోట్లోకి వచ్చిందో ఆమెకే తెలియదు.

“సూడు మ్మే. వంట మేస్త్రి కుప్పయ్య నన్ను పనిలోకి పిల్సిన దినం ఏమన్నాడో తెల్సా? ‘పొయ్యి కాడ నిలబడతావా, కూరగాయలు తరగతావా’ అన్నాడు. నాకు పొయ్యి కాడ నిలబడాలనే. మొగమాటానికి ‘తరిగేది సాలన్నా’ అన్నాను. ఇంకో తూరి అడగతాడు, అప్పుడు సెబుదామనుకున్నా. అడగలేదు. ముప్పై ఏండ్లుగా తరగతానే ఉండా.”

కోమలి అత్త మొహంలోకి చూసింది. అత్త చేతివేళ్ల మీద వంకాయ కసరు మరకలు రోజూ చూస్తూనే ఉంది గానీ, వాటి వెనక ఇంత సంగతుందని అనుకోలేదు.

“ఈడ నీకు నేను వడ్డించలేను,” అంది తాయమ్మ. “నాకు తెలీదు కాబట్టి. నువ్వే సెప్పల్ల.”

కోమలి కంప్యూటర్ వైపు తిరిగింది. తెల్లారేసరికి ఆల్బమ్ ఇవ్వాల్సిన రోజు స్టూడియోలో ఎలా కూర్చునేదో అలా కూర్చుంది. నలభై పేజీల ఆల్బమ్ ఒకేసారి తెరిచింది. తలంబ్రాల ఫోటోలు పన్నెండు పక్కపక్కనే పరిచింది. పెళ్లివాళ్లతో మాట్లాడే వాట్సాప్ ఒక మూల, ఆన్‌లైన్‌లో వాళ్లు పంపిన ఫోటోలు ఇంకో మూల, పని చేసేటప్పుడు వినే పాటలు వాటి వెనక. వేళ్లు చకచకా కదిలాయి. పెళ్లికొడుకు నుదుటి మీద చెమట తుడిచేసింది, మేనత్త చీర రంగు సరిచేసింది. తొమ్మిది, పదకొండు, పన్నెండున్నర... అంకె ఎక్కుతూనే ఉంది. కోడలు పని చేస్తుంటే తాయమ్మ చూడటం అదే మొదలు. ఇంట్లో నీడలా తిరిగే పిల్ల ఇక్కడ యజమానురాలిలా ఉంది. ఆ చేతుల్ని చూసి తాయమ్మకు గొప్పగా అనిపించింది, కళ్లు చెమర్చాయి.

అంకె పదమూడున్నర దగ్గర నిలబడింది.

“ఎనిమిదైతే రెండో పేజీలోనే బిగుసుకుపోయేది,” అన్నాడు గుణశేఖర్, తన తొందరకు తానే సిగ్గుపడుతూ.

“పదారు కావాలన్నా నాకు,” అంది కోమలి. “ఒకటే కార్డు ఏసి, పక్క గాడి ఖాళీగా వదలండి. పని పెరిగితే అప్పుడు ఇంకోటి ఏసుకుంటా.”

సరిగ్గా అప్పుడే విజయ్ కుమార్ ఫోన్ చేశాడు. తాయమ్మ కొడుకు, నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికోసారి ఇంటికి వస్తాడు. కంప్యూటర్ల మీద నాలుగు వీడియోలు చూసి పండితుడైపోయాడు. “మ్మా, అరవై నాలుగు ఏయించండి, పదేండ్లు తిరిగి సూడపన్లే,” అన్నాడు.

“నూరాకులకు వండమంటే నాలుగు నూర్ల ఆకులకు వండేవోడు వంటోడు గాదురా. పారబోసేది ఎవురు, మీ నాయనా?” అని తాయమ్మ ఫోన్ పెట్టేసింది. గుణశేఖర్ నవ్వాపుకోలేక లోపలికి పోయి పదహారు తెచ్చి బిగించాడు.

శనివారం మధ్యాహ్నానికే ఆల్బమ్ వెళ్లిపోయింది. కంప్యూటర్ ఎక్కడా బిగుసుకోలేదు. సాయంత్రం జోయల్ ఫోన్ చేశాడు. మెచ్చుకున్నాడు, ఇక ఇంటి నుంచే చెయ్యమన్నాడు, వారానికి మూడు ఆల్బమ్‌లు పంపుతానన్నాడు. కోడలు ఏమంటుందోనని తాయమ్మ దగ్గరికొచ్చి నిలబడింది.

“మూడు కుదరదు సార్. రెండు చేస్తాను,” అంది కోమలి. “పాప చిన్నది గదా.”

జోయల్ రెండుకే ఒప్పుకున్నాడు, కోమలి మొహం విప్పారింది. తాయమ్మ పాపను ఎత్తి రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. ముద్దు నిజానికి ఎవరికి పెట్టాల్సిందో ఆమెకు తెలుసు.

కోమలి తన ఫోన్ పక్కన పెట్టి, అత్త ఫోన్ తీసుకుని ఏదో నంబరు వెతికింది. మోగుతున్న ఫోన్ తాయమ్మ చేతిలో పెట్టి పాపను అందుకుంది.

“ఎవురికే?”

“కుప్పయ్య మామకు. సెప్పత్తా.”

“ఈ వయసులోనా? వద్దు మ్మే, పెట్టెయ్...”

“ఏం తాయమ్మా?” అంటూ అప్పటికే కుప్పయ్య గొంతు వచ్చేసింది. “రేపు తిరుచానూరు పెళ్లికి వస్తా ఉండావు గదా? వంకాయలు జాస్తి ఉండాయి.”

తాయమ్మ కోడలి వైపు చూసింది. కోమలి కదల్లేదు.

“వస్తాన్నా. అయితే ఈ తూరి నేను తరగను. పొయ్యి కాడ నిలబడతా. సాంబారు నాకియ్యి.”

“సాంబారా?” అన్నాడు కుప్పయ్య. ఆశ్చర్యమే గాని కోపం లేదు ఆ గొంతులో. “ముప్పై ఏండ్లాయ గదా తాయమ్మా. ఇన్ని దినాలు ఏల అడగలేదు?”

“నువ్వు ఇంకో తూరి అడగతావని సూస్తా ఉన్నానన్నా.”

కుప్పయ్య తెల్లారి ఐదుకల్లా రమ్మన్నాడు, తరిగేదానికి వేరే మనిషిని చూస్తానన్నాడు.