దిష్టి కట్టిన బండి

తిమ్మప్ప బండి పుంగనూరు దాటగానే ఆగిపోయిందని విన్నప్పుడు మునికృష్ణకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఫోన్ చేసింది తిమ్మప్ప కాదు, అంత మొహం వాడికెక్కడిది! ఆ బండిలో టమోటాలు వేసుకుని కుప్పం నుంచి మదనపల్లె మండీకి బయలుదేరిన సరస్వతమ్మ. "వేలానికి అందకపోతే నా పంట మట్టిపాలే, రాప్పా," అంది.

మునికృష్ణ బండ్లకు కరెంటు పని చేస్తాడు. ఒకప్పుడు అతని అంగడి మండీ ఎదురుగానే ఉండేది. రిపేరుకిచ్చిన తన బండిలో మంచి బ్యాటరీ తీసేసి పాతది బిగించాడని ఈ తిమ్మప్పే మండీ అంతా టముకు వేశాడు. దాంతో డ్రైవర్లంతా మొహం చాటేశారు. అంగడి మూసి, పుంగనూరులో ఒక టైర్ల షాపు వసారాలో కూర్చోవలసి వచ్చింది. దొంగ అన్న పేరు మాత్రం వెంటే వచ్చింది. తిమ్మప్ప గొంతు పిసకాలన్నంత కసి అతనికి.

వెళ్ళి, తాళం తిప్పమన్నాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. హారన్ మూలిగింది. హెడ్‌లైటు వేస్తే ఇండికేటర్ మిణుకుమంది. ఒక స్విచ్చికి ఇంకో దీపం పలుకుతోందంటే కరెంటు తిరిగి వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయినట్టే. బ్యాటరీ నల్ల తీగను బండి ఒంటికి బిగించే చోటు చూద్దామని బానెట్ ఎత్తాడు. సరిగ్గా ఆ బోల్టుకే నిమ్మకాయల దండ! కాయలు నలిగి, రసం కారి, బోల్టంతా పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఇదేందమ్మా?"

"నీ దిష్టి తగిలే బండి మొండికేస్తాండాదంట. అమాస నాడు కట్టినాడు," అంది సరస్వతమ్మ. తిమ్మప్ప నేలచూపులు చూశాడు.

చిలుము గీకి బిగిస్తే బండి లేస్తుంది. ఆ మాట మునికృష్ణ పెదవి దాటనివ్వలేదు.

"బాగవుతుందాప్పా?" అన్నాడు తిమ్మప్ప.

"నా మింద ఏసింది అబద్ధమని మండీలో సెప్తావా?"

"ముందు బండి సూడు. అయ్యన్నీ తర్వాత."

తర్వాతట! మునికృష్ణ బానెట్ ధడాలున మూశాడు. "అమ్మా, పవన్ కుమార్ ఖాళీ బండితో మా టైర్ల షాపు కాడే ఉండాడు. పిలువు."

పవన్ కుమార్ కూడా మండీ డ్రైవరే, మొహం చాటేసినవాళ్ళలో ఒకడు. అతని బండి రాగానే మునికృష్ణే ముందుగా టమోటా బాక్సులు ఎత్తి అందులోకి మార్చసాగాడు. తిమ్మప్ప మొహం పాలిపోయింది. పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"లోడు దించేస్తే ఇంక నన్నెవురు పిలుస్తారప్పా? తప్పయిపోయింది. ఆ బ్యాటరీ నేనే అమ్ముకుని, ఇంట్లో సెప్పలేక నీ మింద తోసినా."

పవన్ కుమార్ చేతిలో బాక్సు అలాగే ఉండిపోయింది. మునికృష్ణ ఒళ్ళు భగ్గుమంది. పాపం, పొరపాటు పడి అన్నాడేమో అని అప్పుడప్పుడూ మనసుకు సర్దిచెప్పుకునేవాడు. తెలిసే చేశాడన్నమాట!

చెయ్యి విదిలించుకుని మిగిలిన బాక్సులన్నీ ఎక్కించాడు. సరస్వతమ్మ పక్కన తానూ ఎక్కి కూర్చున్నాడు.

"నా బండో?" అన్నాడు తిమ్మప్ప.

"నీ మాట నమ్మి ఒక్కడన్నా నా తావకి రాల్యా. ఈపొద్దు నీ కాడికి ఎవురొస్తారో నువ్వూ సూడు. బండి పోనీ పవన్, ఇప్పుడు ఇన్నది మండీలో సెబుదువు."

బండి కదిలింది. మునికృష్ణ కడుపు చల్లబడింది. కొంచెం సిగ్గు కూడా వేసింది గానీ, దిగలేదు.