అందరూ దిగవలెను

పెట్రోలు పోయించుకునేటప్పుడు కారులో ఉన్నవాళ్లు దిగక్కర్లేదు. అద్దం దించి, నోటు ఇచ్చి, చిల్లర తీసుకుని వెళ్లిపోవచ్చు. గ్యాసుకు అలా కుదరదు. ముందుగా బంకు ఆఫీసు గదిదాకా నడిచి డబ్బు కట్టి చీటీ తెచ్చుకోవాలి. చీటీ చూపిస్తేనే గొట్టం చేతిలోకి తీసుకుంటారు. అంతకన్నా ముందు బండిలో ఉన్నవాళ్లంతా దిగి, పసుపు గీత అవతల నిలబడాలి. ఈ తేడాలన్నీ నాకు 2006 మే నెలకు ముందే బాగా తెలుసు. స్టీల్ ప్లాంటు భద్రతా విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. తెలియనిదల్లా నా భార్య తొడ ఎముక ఎంత డొల్లయిందో. నిజానికి అదీ తెలుసు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పెట్టి మరీ చూపించాడు.

పద్మావతికి కేన్సరు రొమ్ములో మొదలై ఎముకల్లోకి పాకింది. "నయం చేస్తానని చెప్పను. పదిరోజులు రేడియేషన్ కరెంటు పెడితే నొప్పి తగ్గుతుంది. కానీ ఆ కుడికాలు మాత్రం కదలకూడదు, దేనికీ తగలకూడదు. అది విరిగితే కరెంటు బల్ల మీద పడుకోబెట్టడం కూడా కష్టమే" అన్నాడు డాక్టరు. ఆ పదిరోజుల కోసం గాజువాక నుంచి మద్దిలపాలెం అవతలి ఆసుపత్రికి రోజూ తీసుకెళ్లడానికి డ్రైవరు గురువులు నడిపే గ్యాసు మారుతీ వ్యాను మాట్లాడుకున్నాను. అతను మధ్య సీటు పీకేసి పరుపు వేశాడు. ఇంటి దగ్గర పక్కవాళ్లు నలుగురు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని ఆమెను వ్యానులోకి చేర్చేవారు. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు ఉండేది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రాత్రి ఆమె మూడు గంటలు వరసగా నిద్రపోయింది. నేను మేలుకుని కూర్చుని ఆ నిద్ర చూశాను.

అయిదో రోజు ఎన్ఏడీ కూడలి దగ్గర గురువులు వేగం తగ్గించాడు.

"ఏటయింది గురువులూ?"

"గేస్ అయిపోనాది బాబూ. మన ఆటోనగర్ బంకులో నిన్నట్నుంచి స్టాకు నేదు. ఆస్పత్రి దాకా లాగీద్దనుకున్నాను, లాగేలా నేదు."

"పెట్రోలు పోయించు. ఆవిడ దిగక్కర్లేదు."

"ఆ లైను మూసీసి ఏడాదయిపోనాది. మెకానిక్కు వొస్తే గాని తెరుసుకోదు."

వెనక పరుపు మీద నుంచి పద్మావతి, "ఎక్కడున్నామండీ?" అంది. పడుకున్న మనిషికి కిటికీలోంచి స్తంభాల తలలూ, తీగలూ తప్ప ఊరు కనిపించదు. వచ్చిన ప్రతిసారీ అలాగే అడిగేది. చెప్పాను. "అయితే సగం వచ్చేశాం" అంది.

కొంత దూరంలో గ్యాసుబంకు దొరికింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒకామె గొట్టం దగ్గర నిలబడి ఉంది. ఆమె పేరు దేముడమ్మ అని తరవాత తెలిసింది.

"ఏటి వొదినా, గేస్ ఉందా, ఉత్త బోర్డేనా?" అన్నాడు గురువులు.

"బోర్డు నీకు, గేస్ డబ్బులిచ్చినోల్లకి" అందామె. తరవాత వ్యానులోకి తొంగిచూసి, నవ్వు ఆపేసింది.

నేను గదికి వెళ్లి డబ్బు కట్టి చీటీతో తిరిగొచ్చాను. ఆమె చీటీ తీసుకుని గొట్టం పట్టుకుంది. "అమ్మగారు నేవలేరు గావాల. అలగే ఉండనీండి బాబూ. మేనేజరు టీకెల్నాడు. రెండు నిమిసాల్లో నాను పట్టీస్తాను."

గొట్టం పక్కనే తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: గ్యాసు నింపునపుడు ప్రయాణికులు అందరూ దిగవలెను. 'అందరూ' కింద గీత కూడా గీశారు. అలాంటి రేకులు నా చేత్తో ఎన్ని రాయించానో. ప్లాంటులో భద్రతా వారోత్సవాలకు నినాదాల పోటీ పెట్టేవారు. 'మినహాయింపే ప్రమాదానికి మొదటి మెట్టు' అని నేను రాసినదానికి ఒక ఏడాది స్టీలు క్యారేజీ బహుమతిగా ఇచ్చారు. పద్మావతి చాలాకాలం నాకు అన్నం దాంట్లోనే సర్దింది.

"వద్దమ్మా, దింపుదాం" అన్నాను.

"ఎందుకు బాబూ? రోజుకి ఎంతమంది కూకుండే పట్టించుకుంతన్నారు. ఏటీ అవదు."

"అవదనుకున్నప్పుడే అవుతుంది."

గురువులు నా భుజం మీద చెయ్యేశాడు. అంతకుముందు ఎప్పుడూ అలా వేయలేదు. "బంకావిడే ఉండమంతంది కదండీ. మీరేటి బాబూ ఇలాగ సేత్తన్నారు? ఒగ్గీండి."

పద్మావతి తల కొంచెం ఎత్తింది. "ఈ ఒక్కసారికి ఉండిపోతానండీ" అంది.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె నన్ను అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి కూడా ఇలా మెల్లగా, నేను కాదంటే నొచ్చుకోకుండా ఉండేందుకు సిద్ధపడే అడిగేది. "రెండు అడుగులే. నేను పట్టుకుంటాను. కుర్చీలో కూర్చుంటే చాలు" అన్నాను. ఆమె తల మళ్లీ పరుపు మీద వాల్చింది.

దేముడమ్మ నావైపు ఒకసారి చూసి గదిలోకి వెళ్లింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పసుపు గీత అవతల నీడలో వేసింది. సీటు వేడిగా ఉందేమోనని అరచేత్తో తడిమి, తన తువ్వాలు మడిచి పరిచింది. గురువులు భుజాల కింద చేతులు పెట్టాడు. నేను మోకాళ్ల కింద పట్టుకున్నాను. ఇంటి దగ్గర నలుగురు చేసే పనికి మేమిద్దరం. దుప్పటి కూడా లేదు. ఆమె బరువు ఎంతో లేదు. బరువు లేకపోవడం వల్లే కాబోలు, నేను తొందరపడ్డాను. తలుపు జారే ఇనప పట్టా దగ్గర ఆమె కుడి పాదం తగులుకుంది. నేను చూసుకోకుండా ఒక అడుగు వెనక్కి వేశాను.

చప్పుడు చాలా చిన్నది. పెన్సిలు ముల్లు విరిగినంత. గురువులుకు వినపడనే లేదట. పద్మావతి అరవలేదు. నోరు తెరిచింది, అంతే. కుర్చీలో కూర్చోబెట్టాక చూస్తే తొడ మధ్యలో, అసలు వంగకూడని చోట వంగి ఉంది.

అప్పటికీ గ్యాసు పట్టలేదు. అది లేకుండా వ్యాను కదలదు. ఆమె ఆ కుర్చీలో, నేను ఆమె కాలు రెండు చేతులతో పట్టుకుని నేల మీద, వ్యాను నిండేదాకా పసుపు గీత అవతలే ఉన్నాం. దేముడమ్మ మీటరు వైపు చూడటం లేదు, మావైపే చూస్తోంది. ఇంతలో వెనక ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో ఆరుగురు ఆడవాళ్లు చేపల తట్టలతో ఉన్నారు. ఎవరూ దిగలేదు. వాళ్ల ఆటోకు ఇంకొకతను వచ్చి గ్యాసు పట్టాడు. పట్టి, మూత బిగించి, పొమ్మన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఏమీ కాలేదు.

దేముడమ్మ గొట్టం తగిలించి, పక్కతనితో ఏదో చెప్పి, వ్యానులోకి ఎక్కింది. "తల్లిని ఇలాగ నా వొల్లోకి జరపండి" అంది. మేమిద్దరం పద్మావతిని ఎత్తి పరుపు మీదికి చేర్చాక, దేముడమ్మ అక్కడే బాసింపట్టు వేసుకుని ఆ కాలును ఒళ్లో పెట్టుకుంది. మోకాలి దగ్గర ఒక చెయ్యి, చీలమండ దగ్గర ఒక చెయ్యి.

"నీ డ్యూటీ పోతుందమ్మా" అన్నాను.

"పోతే పోద్ది. మీరు ముందుకెల్లి కూకోండి బాబూ."

గతుకు వచ్చిన ప్రతిచోటా ఆమె చేతులు ముందే కాస్త పైకి లేచేవి. అద్దంలోంచి చూస్తున్నాను. పద్మావతి ఒకసారి కళ్లు తెరిచి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. అలా తెలిసింది నాకు ఆమె పేరు. ఆసుపత్రి దగ్గర స్ట్రెచరు వచ్చేదాకా ఆమె ఆ కాలు వదలలేదు. తరవాత ఎలా తిరిగి వెళ్లిందో నేను చూడలేదు.

ఆపరేషనుకు ఒంట్లో శక్తి లేదన్నారు. కాలికి పట్టీ చుట్టి, తాడు కట్టి, మంచం చివర ఇసుక సంచి వేలాడదీశారు. కరెంటు పెట్టే గదికి ఆ తాడుతో, ఆ సంచితో తీసుకెళ్లడం కుదరలేదు. మిగిలిన ఆరు రోజులూ కాగితం మీదే ఉండిపోయాయి. నొప్పి తగ్గలేదు. ఆ తరవాత ఆమె మూడు గంటలు వరసగా నిద్రపోవడం నేను చూడలేదు.

కాలు విరిగిన పదో రోజో పదకొండో రోజో మధ్యాహ్నం, వార్డులో ఫ్యాను ఆగిపోయి, అందరూ విసనకర్రలు వెతుక్కుంటున్నారు. నేను మందుల కాగితంతో ఆమెకు విసురుతున్నాను.

"ఏవండీ, ఒకటి అడుగుతాను. కోప్పడి అడగడం లేదు."

"అడుగు."

"బంకులో ఆవిడ ఉండనిమ్మంది కదా. ఎందుకు దింపారు?"

నా దగ్గర జవాబుంది. ఆ గ్యాసు గాలికన్నా బరువు. కాస్త లీకైనా పైకి పోదు, బండి అడుగున చేరుతుంది. నిప్పంటుకుంటే, తలుపులు మూసిన బండిలో పడుకున్న మనిషి వెంటనే బయటపడటం కుదరదు. అందుకే లేవలేని మనిషినే ముందు దింపాలి. ఇదంతా నిజం. ఈ రోజుకీ నిజమే. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టే ఆమెకు చెప్పాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. అదే ఇప్పటికీ నన్ను పట్టుకుని ఉంది.

ఆమె చివరిదాకా విన్నది. మధ్యలో ఒకసారి "ఊ" కూడా అంది.

"అలాగా" అంది చివరికి. "ఆ కాలు మీద దుప్పటి తీసేయండి. బరువుగా ఉంది."

తీసేశాను. కాసేపు ఆగి, తగ్గిందా అని అడిగాను. లేదన్నట్టు తల ఆడించింది.